బట్ట పిండిన నీరు

మన ఇండ్లలో మనిషి పేరును పదుగురి యెదుట విధ్యుక్తముగా ఉచ్చరించుట ముఖ్యముగా రెండు తావులలో. పురిటి మైల తీరిన పిదప పళ్ళెరములో బియ్యము పరచి, తండ్రి బంగారుటుంగరముతో అక్షరములు దిద్ది, బిడ్డ చెవిలో చెప్పునది మొదటిది. ఆ బిడ్డ పెరిగి, బ్రదికి, పోయిన తరువాత, దర్భలు పరచి నువ్వులు నీళ్ళు విడుచుచు గోత్రముతో జోడించి చెప్పునది రెండవది. తర్పణము ముగియబోవు వేళ ఒక చిన్న తంతు కలదు. తొందరలో నున్నవారు దానిని గమనింపరు. తండ్రి తాత ముత్తాతల వంతు, తల్లి వైపు వారి వంతు, గురువుల వంతు, స్నేహితుల వంతు అన్నియు తీరిన పిమ్మట, కొడుకులు లేక, పేరు చెప్పువారు లేక గతించినవారి నిమిత్తము తడిసిన బట్ట కొనను పిండి ఆ నీటిని నేలకు విడుతురు. అందు పేరు లేదు, నువ్వులు లేవు. చిన్ననాడు గోదావరి మెట్లమీద కూర్చుండి, మోకాలిలోతు నీటిలో నిలిచిన మా తాతగారు ఆ పని చేయుట చూచి, "ఇది ఎవరికి తాతయ్యా?" అని అడిగితిని. "ఎవరూ లేనివాళ్ళకిరా," అని ఆయన బట్ట దులుపుకొని గట్టెక్కిరి.

నేడు నేను వ్రాయబూనినది అట్టివారిని గూర్చియే. కాని వీరిలో పెక్కురకు ఎవరును లేకపోలేదు. తల్లి యున్నది, తోబుట్టువులున్నారు, ఊరును ఇంటిపేరును ఉన్నవి. లేనిదల్లా, తాము కోరి ధరించిన పేరుతో తమ్ము పిలుచు నోరు. పుట్టిననాడు మంత్రసాని మగబిడ్డ యనినను తాను స్త్రీనని లోలోపల నెరిగి ఆ యెరుక చొప్పున బ్రదుకువారును, ఆడపిల్లగా పెరిగియు పురుషుడుగా బ్రదుకువారును ట్రాన్స్‌జెండర్ అను మాట క్రిందికి వత్తురు. స్త్రీ స్త్రీని, పురుషుడు పురుషుని ప్రేమించుటయు, ఈ ఆడ మగ లెక్కలలో దేనియందును ఇముడకుండుటయు గల వారినందరిని కలుపుకొని క్వీర్ అను పెద్దమాట యొకటి ఇటీవల తెలుగువారి నోటను వినవచ్చుచున్నది. వీరికి ఊరివారు పెట్టిన మాటలు మన భాషలో చాలినన్ని కలవు. అవి పేర్లు కావు, విసరుటకు ఏరుకొన్న రాళ్ళు గనుక వానిని ఇచ్చట తిరుగ వ్రాయను.

హైదరాబాదు హిజ్రా కుటుంబముల నడుమ కాలము గడిపి గాయత్రీ రెడ్డి అను మానవశాస్త్రజ్ఞురాలు 2005లో ఒక గ్రంథము వెలువరించెను. రక్తసంబంధము లేని చోట బంధుత్వమును ఎట్లు నిర్మించుకొందురో తెలిసికొనగోరువారికి అది చదువదగిన పుస్తకము. గురువు చెంతకు చేలాగా, అనగా శిష్యురాలిగా, చేరిన మనిషికి గురువే క్రొత్త పేరు పెట్టును. గురువునకు గురువు నానిగురువగును. ఒకే గురువు చేలాలు అక్కచెల్లెండ్రగుదురు. ఆ ఇంటిలో మనిషి పుట్టుట ఆనాడే. అట్టి మనిషి అకాలముగా మరణించినపుడు, ఏండ్ల తరబడి గడప త్రొక్కనీయని పుట్టినింటివారు శవమునకై ఆసుపత్రికి వచ్చి, చీర తీసి ప్యాంటు షర్టు తొడిగి, పెంచుకొన్న జుట్టు కత్తిరించి, పాత పేరుతో కొంపోవుట కలదు. గురువును చేలాలును గేటు కీవల నిలిచిపోవుదురు. పుట్టినింటివారందరును ఇట్లే చేయుదురని అనను. కూతురినిగా అంగీకరించి పసుపు కుంకుమలతో సాగనంపిన తల్లులును ఉన్నారు. ఆ రెండవ విధపు తల్లిని గూర్చియే మొదట చెప్పవలెను.

1998 నవంబరు 28వ తేదీన, అమెరికాలోని బోస్టను నగరమున ఆల్‌స్టన్ అను పేటలో, రీటా హెస్టర్ అను నల్లజాతి ట్రాన్స్ మహిళను ఆమె యింటనే ఎవరో కత్తితో పొడిచి చంపిరి. పోట్లు ఇరువదికి తక్కువ కావు. ఆమెకు ముప్పది నాలుగేండ్లు. మరి రెండు దినములు బ్రదికినచో ముప్పదియైదు నిండెడివి. వేదికలపై ఆడిపాడునది, రాక్ సంగీతము మ్రోగు పానశాలలలో ఎల్లరకును పరిచితురాలు. పోయిన తరువాతనైనను ఆమెను నెమ్మదిగా నుండనీయలేదు. నగరపు పత్రికలు ఆమెను 'అతడు' అని వ్రాసినవి; ఆమె ఎన్నడో విడిచిన పేరును ముందు నిలిపి, ఆమె పేరును దొంగల మారుపేరు వలె కొటేషను గుర్తుల నడుమ ఇరికించినవి. స్వలింగప్రియుల కొరకే వెలువడుచుండిన పత్రికయు ఈ వరుసనే నడచుట, ఆమె స్నేహితులకు తక్కిన పత్రికల వ్రాతకంటె ఎక్కువ నొప్పి కలిగించెను. డిసెంబరు 4వ తేదీ సాయంకాలము సుమారు 250 మంది కూడి, ఆమెను గూర్చి తలచుకొని, కొవ్వొత్తులతో పార్క్ వేల్ అవెన్యూలోని ఆమె ఇంటివరకు నడచిరి. తల్లి కాథ్లీన్ హెస్టర్ ఆ గుమ్మము కడ మోకాళ్ళపై కూలి, పరలోకప్రార్థన చెప్పనారంభింపగా, వీథిలో నిలిచినవారు ఆమెతో గొంతు కలిపిరి. చంపినవారెవరో నేటికిని తేలలేదు.

ఈ సంగతి తెలిసికొన్నప్పుడు బోస్టను పత్రికలపై కోపగించుటకు నాకు అధికారము లేకపోయెను. యౌవనమున నేనొక పత్రికాకార్యాలయమునందు రాత్రి డ్యూటీ ఉపసంపాదకుడనుగా నుంటిని. రైలుపట్టాల ప్రక్కన దొరికిన ఒక శవమును గూర్చి నాలుగు పంక్తుల వార్త రాగా, 'ఆడవేషంలోని వ్యక్తి మృతి' అని శీర్షిక పెట్టి క్రిందికి పంపినది నేనే. మరునాడు హిజ్రాలు ఇద్దరు మెట్లెక్కి వచ్చి నా బల్లయెదుట నిలిచిరి. వారిలో పెద్దామె, "అది వేషం కాదు సారూ. ఆమెకో పేరుంది, ఆ పేరు వేయండి," అనెను. "పోలీసు రికార్డులో ఉన్న పేరే వేస్తాం అమ్మా," అని నేను బదులు చెప్పితిని. అప్పుడది నాకు మిక్కిలి న్యాయముగా తోచినది. ఆమె బస్సు టికెట్టు వెనుక పేరు వ్రాయించి నాకిచ్చెను. నేను దానిని పేపరువెయిట్ క్రింద నుంచితిని. ఫ్యాను గాలికి ఎగిరిపోయినదో, ఊడ్చువారు ఎత్తివైచిరో తెలియదు. ఆ పేరు నాకిప్పుడు జ్ఞాపకము లేదు.

మరపు ఎంత త్వరితముగా వచ్చునో గ్వెండొలిన్ ఆన్ స్మిత్ అను ట్రాన్స్ మహిళ ఆనాడే గుర్తించెను. రీటా మరణమును గూర్చి స్నేహితులతో మాటలాడుచు ఆమె, ఇది షనెల్ పికెట్ సంగతి వలెనే యున్నదే యనగా, షనెల్ పికెట్ ఎవరని వారు అడిగిరి. షనెల్ కూడ నల్లజాతి ట్రాన్స్ మహిళయే. 1995 నవంబరు 20న బోస్టనునకు ఆనుకొనియున్న వాటర్‌టౌనులో హత్యకు గురియైనది. నిందితునిపై హత్యానేరము నిలువక, దెబ్బలు కొట్టిన నేరమునకు మాత్రమే రెండేండ్ల శిక్ష పడినది. మూడేండ్లు తిరుగునప్పటికే, ఏటికి ఆవలియొడ్డున జరిగిన దానిని ఈవలియొడ్డువారు మరచిరి. స్మిత్ నాటినుండి పేర్ల పట్టిక యొకటి కూర్ప మొదలిడెను. 1999లో కొవ్వొత్తులు వెలిగించి ఆ పేర్లు చదువు సభలు జరిగినవి. అవియే క్రమముగా దేశదేశములకు ప్రాకి, ప్రతి సంవత్సరము నవంబరు 20వ తేదీన పాటింపబడు ట్రాన్స్‌జెండర్ సంస్మరణ దినమైనవి. ఆ సభలలో ఉపన్యాసములు ఉండవచ్చును, లేకపోవచ్చును. పేర్లు చదువుట మాత్రము తప్పదు.

పేర్లు చదివి దుఃఖించు ఈ పద్ధతికి అంతకు పూర్వమే మరియొక తోవ పడియున్నది. మన ముసలమ్మలు పాతచీరల పేలికలు పొరలుగా పరచి, మధ్యాహ్నపు వేళలలో అరుగుమీద కూర్చుండి కుట్టు బొంతలను మీరెల్లరును కప్పుకొనియే యుందురు. ఏ పేలిక ఎవరి చీరదో కుట్టినామెకు తెలియును. పెండ్లిచీర ముక్క, పోయిన తోడికోడలి చీర ముక్క ఒకే బొంతలో ఇరుగుపొరుగుగా పడుకొనును. 1985 నవంబరులో సాన్‌ఫ్రాన్సిస్కో నగరమున జరిగిన ఒక కొవ్వొత్తుల ఊరేగింపులో, క్లీవ్ జోన్స్ అను ఉద్యమకారుడు, ఎయిడ్స్ వలన పోయిన తమవారి పేర్లను అట్టలపై వ్రాయుడని జనులను కోరెను. ఆ అట్టలను ప్రభుత్వభవనపు గోడకు అంటించి వెనుకకు జరిగి చూడగా, అది ముక్కలు కుట్టిన బొంత వలె ఆయనకు కనబడినది. పిదప స్నేహితులు, ప్రియులు, తల్లులు ఒక్కొక్కరికి ఒక్కొక్క గుడ్డ కుట్టనారంభించిరి. దాని కొలత మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు. అనగా ఒక మనిషిని పాతిపెట్టుటకు చాలు నేల. చొక్కాలు, మెడపట్టీలు, ఎలుగుబంటి బొమ్మలు, జీన్సు ప్యాంట్లు వానిపై కుట్టబడినవి. 1987 అక్టోబరు 11న వాషింగ్టను నగరపు మైదానమున ఆ బొంతను మొదటిసారి పరచినపుడు అందు 1,920 గుడ్డలుండినవి. పేర్లన్నిటిని పైకి చదివిరి. కొన్నిటిపై పూర్తి పేరు లేదు, మొదటి పేరు మాత్రమే, లేదా పొడి అక్షరములే, ఇంటివారు ఒప్పుకొనకపోవుటచేత. చనిపోయిన కొడుకు పేరు వీథిన పడునేమోయని ఒక తండ్రి భయపడుటయు, ఆ పేరు మాసిపోవునేమోయని అతని స్నేహితుడు రాత్రి మేల్కొని కుట్టుటయు, రెండును ఒక్క మనిషి విషయముననే జరిగినవి.

పేర్ల పట్టిక యనగానే అది ప్రేమ చేతనే వ్రాయబడునని భ్రమపడరాదు. మన దేశమున వీరి పేర్లను శ్రద్ధగా వ్రాసియుంచినవారు పోలీసులు. 1852 ఆగస్టులో వాయవ్య పరగణాలలోని మైన్‌పురి జిల్లాలో భూరా అను హిజ్రా హత్య చేయబడినది. పెండ్లిండ్లకు, పురుళ్ళకు ఆడిపాడి కట్నములు పుచ్చుకొనుచు, ఇద్దరు చేలాలతో కాపురముండినది. మునుపటి ప్రియుని విడిచి వేరొకని చేరుటచేత ఆ మొదటివాడే చంపెనని న్యాయాధిపతులు తీర్మానించిరి. ఇంతవరకు న్యాయముగానే యున్నది. కాని ఆ విచారణ జరుపుచు దొరలు చంపినవాని కంటె చచ్చినదాని పైననే ఎక్కువగా రోసిరి. ఇట్టి జనము తమ యేలుబడిలో నుండుటయే కళంకమని తలచిరి. ఆ తలపు ముదిరి 1871లో నేరస్థజాతుల చట్టపు రెండవ భాగమైనది. పిల్లలనెత్తుకొనిపోవుదురని, మరియొకటి చేయుదురని అనుమానము పుట్టినచో చాలును, హిజ్రాల పేర్లు, ఉనికిపట్లు రిజిస్టరున కెక్కవలెను. వారి ఆస్తులను సైతము వ్రాసికొందురు. రిజిస్టరున కెక్కినవారు బిడ్డను సాకరాదు, దత్తత తీసికొనరాదు, వీలునామా వ్రాయరాదు. ఆడుదుస్తులతో వీథిలో కనబడరాదు, బహిరంగముగా ఆడిపాడరాదు. దీని యంతరార్థము, చేలాలు చేరకుండ చేసి, ఆస్తి దిగకుండ చేసి, ఆ వంశమే వంశము కాకుండ మాపివేయుట. భూరా చావు అట్లు వేలమంది బ్రదుకులకు ఉరిత్రాడైనది. ఆమెను గూర్చి కొవ్వొత్తి వెలిగించినవారు నాకు తెలిసి లేరు.

నిజాము ప్రభుత్వము ఆ చట్టపు అచ్చుననే 1329 ఫసలీలో, అనగా 1919లో, హైదరాబాదునకు ఒక చట్టము చేసెను. ఇచ్చటను అదే రిజిస్టరు, అదే అనుమానము. ఆడుదుస్తులతోనో నగలతోనో వీథిలో కనబడినవారిని, పాడిన ఆడిన వారిని వారంటు లేకయే పట్టుకొనవచ్చును, రెండేండ్ల వరకు ఖైదు వేయవచ్చును. నిజాము పోయెను, హైదరాబాదు రాష్ట్రము పోయెను, ఆంధ్రప్రదేశము ఏర్పడి విడిపోయెను. చట్టము మాత్రము పేరు మార్చుకొనుచు పుస్తకమున నిలిచియేయుండెను. 2018లో వైజయంతి వసంత మొగిలి మొదలగువారు దానిపై వ్యాజ్యము వేయగా, 2023 జూలైలో తెలంగాణ ఉన్నతన్యాయస్థానము, ప్రధాన న్యాయమూర్తి ఉజ్జల్ భుయాన్ తీర్పులో, అది రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసెను. 104 సంవత్సరములు! ఈ రెండేండ్ల కొలతలో ఒక వింత కలదు. నిజాము చట్టమున చీర కట్టిన హిజ్రాకు రెండేండ్లు. 2019లో పార్లమెంటు ట్రాన్స్‌జెండర్ల రక్షణకై చేసిన చట్టమున, చీర కట్టిన ఆమెపై లైంగికముగా దౌర్జన్యము చేసినవానికి గరిష్ఠముగా రెండేండ్లు. త్రాసు ఒక్కటియే, పళ్ళెములు మాత్రము మారినవి.

చంపుటకు కత్తియే కావలెనా? అలీగఢ్ విశ్వవిద్యాలయమునందు మరాఠీ బోధించిన ఆచార్యుడు, కవి, శ్రీనివాస రామచంద్ర సిరాస్ పడకగదిలోనికి 2010 ఫిబ్రవరిలో కొందరు కెమెరాతో చొరబడి, ఆయన ఒక పురుషునితో నుండుటను చిత్రించిరి. తలుపు త్రోసినవారు నేరస్థులుగా గాక, లోపలనున్నవాడు దోషిగా నెంచబడెను. ఉద్యోగమునుండి సస్పెండు చేసిరి. ఏప్రిలు 1న అలహాబాదు ఉన్నతన్యాయస్థానము ఆ ఉత్తరువును నిలిపివేసెను. ఏప్రిలు 7న ఆయన తన అద్దెయింట శవమై కనబడెను. ఎట్లు పోయెనో నిశ్చయముగా తేలనే లేదు. ఎనిమిదేండ్ల తరువాత, 2018 సెప్టెంబరు 6న, సుప్రీంకోర్టు స్వలింగసంబంధమును నేరముగా నెంచిన 377వ సెక్షను కోరలు తీసినది. వ్యాజ్యము గెలిచిన వారములోపలనే పోయినవారిని ఏ పట్టికలో వ్రాయవలెనో ఎవరు చెప్పగలరు?

లెక్కలు కావలెనన్న కొన్ని కలవు. ఐరోపాలోని ట్రాన్స్ సంఘముల సమాఖ్య యొకటి ప్రపంచమున హత్యకు గురియైనవారిని లెక్కించి ప్రతి నవంబరులో ప్రకటించుచున్నది: 2021లో 375, 2023లో 321, 2024లో 350. ఏటేట బ్రెజిల్ ముందుండును. అయితే ఇవి పత్రికలకెక్కినవారి లెక్కలే. ఆ మనిషి ట్రాన్స్ అని వ్రాసినవారుండినచో గాని లెక్కకు రారు, నా వంటి ఉపసంపాదకులున్న చోట అసలే రారు. 2011 జనగణనలో 'ఇతరులు' అను గడిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 43,769 మంది కలరు. ఇంతమందిలో ఏటికి ఎందరు కొట్టబడి, ఎందరు చికిత్స దొరకక, ఎందరు తమ చేత తామే పోవుచున్నారో చెప్పు రిజిస్టరును మాత్రము ఏ నిజామును వ్రాయింపలేదు.

కొన్నేండ్ల క్రిందట ఒక నవంబరు సాయంకాలము హైదరాబాదులో ఇట్టి సభ యొకదానికి పోయితిని. చిన్న హాలు, ప్లాస్టిక్ కుర్చీలు, గోడప్రక్క బల్లపై పాతచీర పరచి, దానిపై మట్టిప్రమిదలు, కొవ్వొత్తులు. ముప్పది నలుబది మందికి మించి లేరు. కాలేజీ పిల్ల యొకతె కాగితము పట్టుకొని పేర్లు చదువుచుండగా, జరీచీర కట్టిన ఒక పెద్ద వయసు హిజ్రా ఒక్కొక్క పేరునకు ఒక్కొక్క కొవ్వొత్తి వెలిగించుచుండెను. పోర్చుగీసు పేర్లు ఆ పిల్ల నోరు తిరుగక తడబడినప్పుడెల్ల, "నిదానంగా చదువు బిడ్డా, పేరు గదా," అని పెద్దామె మందలించును. మన దేశపువారి పేర్లు వచ్చినప్పుడు ముందువరుసలో ఎవరో ఏడ్చుట వినబడెను. అటుపిమ్మట పట్టికలో పేరునకు బదులు, పేరు తెలియదు అని మాత్రమే యుండి, ప్రక్కన ఊరును తేదీయు గలవి వచ్చినవి. పిల్ల చదివెను: పేరు తెలియదు. కొవ్వొత్తి వెలిగెను. మరల: పేరు తెలియదు. మరల వెలిగెను. మూడవదియు నట్లే రాగా, పిల్ల తల యెత్తి, కొవ్వొత్తులు తక్కువగా నుండుట చూచి, "ఇట్లాంటివి ఇంకా చాలా ఉన్నయమ్మా. అన్నిటికీ కలిపి ఒకటే పెడదామా?" అని అడిగెను.

"వేరే వేరే మనుషులు కదా బిడ్డా," అని పెద్దామె, వెలిగి సగమైన కొవ్వొత్తి యొకదానిని ఆర్పకుండ రెండుగా కోయుటకు సంచిలో కత్తి వెదకుకొనుచుండెను.